జపాన్‌ వెళ్తున్నారా? బుల్లెట్‌ రైలు టికెట్‌ ఎలా బుక్‌ చేసుకోవాలి.. పాస్‌ కొంటే లాభమా, నష్టమా?

జపాన్‌ టూర్‌ ప్లాన్‌ చేసుకునే మన వాళ్లలో చాలామంది విమానం టికెట్ల తర్వాత ముందుగా కొనేది జేఆర్‌ పాస్‌. ‘ఏడు రోజులు ఎక్కడికైనా తిరగొచ్చు’ అని ఎవరో చెబుతారు, ఎక్కడో వీడియోలో చూస్తారు, కొనేస్తారు. కానీ టోక్యోలో దిగి, క్యోటో చూసి, మళ్లీ టోక్యో వచ్చి విమానం ఎక్కే నలుగురు పెద్దలున్న కుటుంబానికి ఈ పాస్‌ వల్ల దాదాపు 50 వేల రూపాయలు అదనంగా ఖర్చవుతుంది. అదెలాగో కింద లెక్క వేసి చూద్దాం.

జపాన్‌ హైస్పీడ్‌ రైళ్లను షింకన్‌సెన్‌ అంటారు. 1964 అక్టోబరు 1న టోక్యో, షిన్‌-ఒసాకా మధ్య మొదటి రైలు నడిచింది. ముంబయి-అహ్మదాబాద్‌ మధ్య మన దేశంలో నిర్మిస్తున్న మార్గానికి ఆధారం కూడా ఆ సాంకేతికతే. రైలు ఎక్కడం చాలా తేలిక. టికెట్‌ దగ్గరే తికమక. ఏ సైట్‌లో కొనాలి? ఎన్ని రోజుల ముందు కొనాలి? కార్డు ఎందుకు పనిచేయడం లేదు? పెద్ద సూట్‌కేసుకు వేరే బుకింగ్‌ ఎందుకు? ఒక్కొక్కటిగా చూద్దాం.

మన టికెట్‌కు, అక్కడి టికెట్‌కు తేడా ఏంటి?

ఐఆర్‌సీటీసీ అలవాటున్న వారు ముందు కొన్ని విషయాలు మర్చిపోవాలి. షింకన్‌సెన్‌లో వెయిటింగ్‌ లిస్ట్‌ లేదు, ఆర్‌ఏసీ లేదు, తత్కాల్‌ లేదు. సీటు ఉంటే ఇస్తారు, లేకపోతే తర్వాతి రైలు చూసుకోమంటారు. టోక్యో-ఒసాకా మార్గంలో రద్దీ వేళల్లో ఒక్క నొజొమి రైళ్లే గంటకు 12 వరకు నడుస్తాయి కాబట్టి ‘తర్వాతి రైలు’ అంటే చాలాసార్లు పది నిమిషాల తేడా మాత్రమే.

మామూలు టికెట్‌పై ప్రయాణికుడి పేరు ఉండదు. అందుకే కాగితపు టికెట్‌ పోగొట్టుకుంటే ఫోన్‌లో మెసేజ్‌ చూపించి ఎక్కేద్దామంటే కుదరదు. మళ్లీ కొనాల్సి వస్తుంది.

ధర రెండు భాగాలుగా ఉంటుంది. ఒకటి దూరాన్ని బట్టి తీసుకునే మూల ఛార్జీ. రెండోది హైస్పీడ్‌ రైలు ఎక్కినందుకు అదనపు ఛార్జీ. స్టేషన్‌ మెషీన్‌లో కొంటే ఒక్కోసారి రెండు వేర్వేరు కాగితాలు వస్తాయి. గేటులో రెండింటినీ కలిపి పెట్టాలి. ఒక్కటే పెట్టి గేటు తెరుచుకోవడం లేదని కంగారు పడేవారు చాలామంది.

సీట్లు మూడు రకాలు. రిజర్వ్‌డ్‌, అన్‌రిజర్వ్‌డ్‌, గ్రీన్‌ కార్‌. గ్రీన్‌ కార్‌ అంటే మన ఫస్ట్‌ క్లాస్‌ లాంటిది. అన్‌రిజర్వ్‌డ్‌ అంటే మన జనరల్‌ బోగీలా ఊహించుకోవద్దు. అవే సీట్లు, అదే ఏసీ, కాకపోతే ముందు వచ్చిన వారిదే సీటు. రిజర్వ్‌డ్‌కు, దీనికి మధ్య తేడా వెయ్యి యెన్‌ లోపే ఉంటుంది. కుటుంబంతో, లగేజీతో వెళ్లేవారు ఆ కాస్త ఎక్కువ పెట్టి రిజర్వ్‌డ్‌ తీసుకోవడమే మంచిది.

పిల్లల విషయానికొస్తే, 6 నుంచి 11 ఏళ్ల వారికి సగం ధర. ఆరేళ్లలోపు పిల్లలు వేరే సీటు అడగకుండా పెద్దల ఒడిలో కూర్చుంటే ఉచితం. ఒక పెద్ద వ్యక్తితో ఇద్దరు పిల్లల వరకు ఈ వెసులుబాటు ఉంటుంది.

ఏ ఊరికి ఏ సైట్‌?

మనకు దేశమంతటికీ ఒకే బుకింగ్‌ సైట్‌ ఉంది. జపాన్‌లో రైల్వే అనేక కంపెనీల చేతుల్లో ఉంది. 1987లో జాతీయ రైల్వేను ప్రాంతాల వారీగా విడగొట్టారు. అందుకే మీరు వెళ్లే దిక్కును బట్టి సైట్‌ మారుతుంది.

టోక్యో నుంచి నగొయా, క్యోటో, ఒసాకా, హిరోషిమా, ఫుకువోకా వైపు వెళ్లాలంటే ‘స్మార్ట్‌ఈఎక్స్‌’ యాప్‌ లేదా వెబ్‌సైట్‌. ఇంగ్లిష్‌లో ఉంటుంది. భారతీయ పర్యాటకుల్లో ఎక్కువ మందికి ఇదొక్కటి చాలు.

టోక్యో నుంచి ఉత్తరం వైపు సెందాయ్‌, అవొమొరి, లేదా నగానో, కనజావా వెళ్లాలంటే జేఆర్‌ ఈస్ట్‌ వారి ట్రైన్‌ రిజర్వేషన్‌ సైట్‌. ఒసాకా, క్యోటో చుట్టుపక్కల, పశ్చిమ జపాన్‌లో తిరిగేవారికి జేఆర్‌ వెస్ట్‌ సైట్‌ కూడా ఉంది.

మధ్యవర్తి యాప్‌లలో కూడా టికెట్లు దొరుకుతాయి. వాటిలో సర్వీస్‌ ఛార్జి కలుపుతారు. సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటనలను నొక్కి, అసలు సైట్‌ అనుకుని అక్కడే డబ్బు కట్టేవారు ఉన్నారు. కట్టే ముందు చిరునామా ఒకసారి చూసుకోండి. తుది మొత్తంలో ‘సర్వీస్‌ ఫీజు’ అని విడిగా కనిపిస్తే మీరు ఉన్నది మధ్యవర్తి దగ్గరేనని గుర్తు.

ఎప్పుడు బుక్‌ చేయాలి?

సాధారణ నియమం ఏమిటంటే, ప్రయాణ తేదీకి సరిగ్గా నెల ముందు, జపాన్‌ సమయం ఉదయం 10 గంటలకు అమ్మకాలు మొదలవుతాయి. మన సమయం ప్రకారం ఉదయం 6.30. ఏప్రిల్‌ 10న ప్రయాణమైతే మార్చి 10 ఉదయం 6.30కి అన్నమాట. స్మార్ట్‌ఈఎక్స్‌లో కొన్ని రైళ్లకు ఏడాది ముందు నుంచే బుక్‌ చేసుకునే వీలు కూడా వచ్చింది.

అయితే తత్కాల్‌ లాగా అలారం పెట్టుకుని లేవాల్సిన అవసరం మామూలు రోజుల్లో లేదు. రెండు మూడు రోజుల ముందు కూడా సీట్లు దొరుకుతాయి. చాలాసార్లు అదే రోజు కూడా దొరుకుతాయి. జాగ్రత్త పడాల్సింది మూడు సందర్భాల్లో. ఏప్రిల్‌ చివరి నుంచి మే మొదటి వారం దాకా సాగే గోల్డెన్‌ వీక్‌, ఆగస్టు మధ్యలో వచ్చే ఒబోన్‌, కొత్త సంవత్సరం సెలవులు. ఈ రోజుల్లో నొజొమి రైళ్లలో అన్‌రిజర్వ్‌డ్‌ బోగీలే ఉండవు. మన సంక్రాంతికి విజయవాడ రైళ్లు ఎలా ఉంటాయో అలా ఊహించుకోండి. మన వేసవి సెలవుల మొదట్లోనే గోల్డెన్‌ వీక్‌ వస్తుంది కాబట్టి పిల్లల పరీక్షలు కాగానే బయల్దేరే కుటుంబాలు ఇది తప్పక చూసుకోవాలి.

ముందుగా కొంటే ‘హయతోకు’ పేరుతో కొన్ని రైళ్లకు రాయితీ ఇస్తారు. డబ్బు ఆదా అవుతుంది. కానీ ఈ టికెట్లకు నిబంధనలు కఠినంగా ఉంటాయి. మీరు ఎక్కాల్సిన రైలు తప్పితే మామూలు టికెట్‌కు ఉండే వెసులుబాటు దీనికి ఉండదు. విమానం దిగిన రోజే ప్రయాణం పెట్టుకున్నవారు దీని జోలికి వెళ్లకపోవడం మంచిది.

బుక్‌ చేసే విధానం

టోక్యో నుంచి క్యోటోకు స్మార్ట్‌ఈఎక్స్‌లో ఎలా బుక్‌ చేయాలో చూద్దాం.

1. ఈమెయిల్‌, ఫోన్‌ నంబర్‌, క్రెడిట్‌ కార్డు వివరాలతో రిజిస్టర్‌ చేసుకోండి.

2. బయల్దేరే స్టేషన్‌, దిగే స్టేషన్‌, తేదీ, సమయం ఎంచుకోండి. షింకన్‌సెన్‌ ఒసాకా స్టేషన్‌కు వెళ్లదు, షిన్‌-ఒసాకాలో ఆగుతుంది. అలాగే యొకొహామాకు షిన్‌-యొకొహామా. నాంపల్లి, సికింద్రాబాద్‌ ఒకటి కానట్టే ఇవి కూడా వేర్వేరు స్టేషన్లు. హోటల్‌కు దూరం లెక్క వేసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

3. రైలు ఎంచుకోండి. ఒకే పట్టాలపై మూడు రకాల రైళ్లు నడుస్తాయి. నొజొమి అతి తక్కువ చోట్ల ఆగుతుంది. టోక్యో నుంచి షిన్‌-ఒసాకాకు రెండున్నర గంటలు. హికారికి దాదాపు మూడు గంటలు. కొదామా ప్రతి స్టేషన్‌లో ఆగుతుంది, నాలుగు గంటలు పడుతుంది.

4. ఎంత మందో చెప్పండి. ఒక బుకింగ్‌లో ఆరుగురి వరకు తీసుకోవచ్చు.

5. సీట్‌ మ్యాప్‌లో సీటు ఎంచుకోండి. సాధారణ బోగీలో ఒకవైపు మూడు, మరోవైపు రెండు సీట్లు ఉంటాయి. ఫుజి పర్వతం చూడాలంటే ‘ఈ’ అక్షరం ఉన్న కిటికీ సీటు తీసుకోండి. టోక్యో నుంచి బయల్దేరిన 40-45 నిమిషాలకు, షిన్‌-ఫుజి స్టేషన్‌ దగ్గర, ఆకాశం నిర్మలంగా ఉంటే కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో కూడా ‘ఈ’ సీటే.

6. డబ్బు చెల్లించాక క్యూఆర్‌ కోడ్‌ తీసుకోవచ్చు. కోడ్‌ను గేటు దగ్గర చూపిస్తే చాలు. ఒకరి కోడ్‌తో నలుగురు వెళ్లలేరు. ఒక్కొక్కరికి ఒక్కో కోడ్‌ ఉంటుంది. అందరివీ ముందే స్క్రీన్‌పై సిద్ధంగా పెట్టుకోండి. ఫోన్‌ చార్జింగ్‌ అయిపోతుందన్న భయం ఉంటే స్టేషన్‌ మెషీన్‌లో కాగితపు టికెట్లు తీసుకోండి.

మన కార్డు ఎందుకు పనిచేయదు?

ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. రిజర్వ్‌ బ్యాంక్‌ 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు మొదట దేశంలో వాడకానికే పనిచేస్తాయి. విదేశీ లావాదేవీలను మీరే ఆన్‌ చేసుకోవాలి. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ‘ఇంటర్నేషనల్‌’, ‘ఆన్‌లైన్‌’ రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. పరిమితి సరిపోతుందో లేదో కూడా చూసుకోండి.

రెండోది ఓటీపీ. జపాన్‌ వెళ్లాక బుక్‌ చేసేటప్పుడు ఓటీపీ మన సిమ్‌కే వస్తుంది. అక్కడ కొత్త సిమ్‌ వేసుకుని పాతది తీసి పక్కన పెట్టేస్తే టికెట్‌ కొనలేరు. పాత సిమ్‌పై రోమింగ్‌ ఆన్‌లో ఉంచండి. ఇంటర్నెట్‌కు ఈ-సిమ్‌ వాడుకోండి.

ఈ బుకింగ్‌ సైట్లలో యూపీఐ ఉండదు. కార్డు వాడితే చాలా బ్యాంకులు 2 నుంచి 3.5 శాతం వరకు విదేశీ మారకపు రుసుము, దానిపై జీఎస్టీ తీసుకుంటాయి. ఈ రుసుము లేని కార్డు ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉందేమో చూడండి. అయితే ఒక చిక్కుంది. కాగితపు టికెట్‌ తీసుకునేటప్పుడు బుక్‌ చేసిన కార్డునే మెషీన్‌లో పెట్టమని అడిగే సందర్భాలుంటాయి. అమెరికాలో ఉన్న అబ్బాయి తన కార్డుతో అమ్మానాన్నలకు టికెట్లు కొంటే, వాళ్లు టోక్యో స్టేషన్‌లో ఇబ్బంది పడతారు. అలాంటప్పుడు క్యూఆర్‌ కోడ్‌ రూపంలో తీసుకుని పంపించడమే నయం. మెషీన్‌లో నేరుగా కొంటే కార్డు పిన్‌ కూడా అడుగుతుంది. క్రెడిట్‌ కార్డు పిన్‌ గుర్తులేనివారు బయల్దేరే ముందే సెట్‌ చేసుకోండి.

పాస్‌ లాభమా? లెక్క ఇదీ

2023 అక్టోబరులో జేఆర్‌ పాస్‌ ధరలు ఒక్కసారిగా పెరిగాయి. అంతకుముందు 29,650 యెన్‌ ఉన్న ఏడు రోజుల సాధారణ పాస్‌ 50,000 యెన్‌ అయింది. 14 రోజులకు 80,000, 21 రోజులకు 1,00,000 యెన్‌. ‘పాస్‌ తీసుకుంటే కలిసొస్తుంది’ అని చెప్పే పాత వీడియోలన్నీ ఈ పెంపునకు ముందు చేసినవే.

ఇప్పుడు మన కుటుంబం లెక్క. టోక్యో-క్యోటో రిజర్వ్‌డ్‌ సీటు సుమారు 14,000 యెన్‌. రానుపోను 28,000. నలుగురికి 1,12,000 యెన్‌. అదే నలుగురికి పాస్‌లు కొంటే 2,00,000 యెన్‌. తేడా 88,000 యెన్‌. యెన్‌ విలువ 60 పైసలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి దాదాపు 50 వేల రూపాయలు.

మరి హిరోషిమా కూడా వెళ్తే? టోక్యో నుంచి క్యోటో, అక్కడి నుంచి హిరోషిమా, మళ్లీ నేరుగా టోక్యో. విడి టికెట్లతో ఒక్కొక్కరికి సుమారు 45,000 యెన్‌ అవుతుంది. అప్పటికీ పాస్‌ ధర కంటే తక్కువే. వారం రోజుల్లో ఫుకువోకా దాకా వెళ్లి వచ్చేవారికి, లేదా ఉత్తరం, పడమర రెండూ చుట్టేసేవారికి మాత్రమే పాస్‌ కలిసొస్తుంది. ఒకే ప్రాంతంలో తిరిగేవారికి కాన్సాయ్‌-హిరోషిమా లాంటి ప్రాంతీయ పాస్‌లు చౌక. ముందు వాటిని చూడండి.

పాస్‌ ఉన్నా నొజొమి రైలు ఉచితం కాదు. టోక్యో నుంచి క్యోటోకు నొజొమి ఎక్కితే ఒక్కొక్కరు అదనంగా 4,960 యెన్‌ కట్టాలి. వద్దనుకుంటే హికారి ఎక్కాలి. అవి నొజొమి అంత తరచుగా ఉండవు.

జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న తెలుగు వారి కుటుంబాలు ఒక విషయం తెలుసుకోవాలి. పాస్‌ ‘టెంపరరీ విజిటర్‌’ హోదాతో వచ్చినవారికే ఇస్తారు. పాస్‌పోర్టులో ఆ స్టాంపు లేదా స్టిక్కర్‌ చూపించాలి. కాబట్టి చూడటానికి వెళ్లిన అమ్మానాన్నలకు పాస్‌ దొరుకుతుంది. వర్క్‌ వీసాపై ఉన్న కొడుక్కి, కోడలికి, స్టూడెంట్‌ వీసాపై ఉన్నవారికి దొరకదు. అందరికీ కలిపి ఆన్‌లైన్‌లో కొనేసి, అక్కడికి వెళ్లాక చేతులు కాల్చుకోవద్దు.

పెద్ద సూట్‌కేసులు ఉన్నాయా?

టొకైడో, సాన్యో, క్యూషు షింకన్‌సెన్‌లలో ఒక నిబంధన ఉంది. సూట్‌కేసు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే, వెనక లగేజీ స్థలం ఉన్న సీటును ముందే బుక్‌ చేసుకోవాలి. దీనికి అదనపు డబ్బు ఉండదు. సీటు ఎంచుకునేటప్పుడే ఆ ఆప్షన్‌ కనిపిస్తుంది. బుక్‌ చేయకుండా తీసుకొస్తే 1,000 యెన్‌ రుసుము వేస్తారు. 250 సెంటీమీటర్లు దాటితే రానివ్వరు.

విమానాల్లో చెక్‌-ఇన్‌ బ్యాగుకు సాధారణంగా 158 సెంటీమీటర్ల పరిమితి ఉంటుంది. అంటే ఆ పరిమితిలో ఉన్న బ్యాగుకు ఈ బుకింగ్‌ అవసరం లేదు. సీటు పైనున్న అరలో పడుతుంది. కానీ 23 కిలోల పెట్టెను అంత ఎత్తుకు ఎత్తాల్సింది మీరే. పెద్దవాళ్లతో వెళ్తుంటే పెట్టెలను కొరియర్‌లో నేరుగా తర్వాతి హోటల్‌కు పంపించేయొచ్చు. అక్కడ దీన్ని తక్యూబిన్‌ అంటారు. హోటల్‌ రిసెప్షన్‌లోనే తీసుకుంటారు. చాలా ఊళ్లకు మర్నాటికి చేరుతుంది. ఒక రాత్రికి సరిపడా బట్టలు, మందులు, పాస్‌పోర్టు మాత్రం చేతి సంచిలో ఉంచుకోండి.

స్టేషన్‌లో ఏం చూసుకోవాలి?

టోక్యో స్టేషన్‌లో షింకన్‌సెన్‌ గేట్లు రెండు రకాలు. క్యోటో, ఒసాకా వైపు వెళ్లేవి టొకైడో గేట్లు. ఉత్తరం వైపు వెళ్లేవి జేఆర్‌ ఈస్ట్‌ గేట్లు. ఒకదాని టికెట్‌తో మరో దాంట్లోకి వెళ్లలేరు. బోర్డుపై ‘టొకైడో’ అన్న పేరు చూసి నడవండి. మొదటిసారి వెళ్లేవారు కనీసం అరగంట ముందు చేరుకుంటే మంచిది.

మధ్య స్టేషన్లలో రైలు ఆగేది ఒకటి రెండు నిమిషాలే. ప్లాట్‌ఫాంపై మీ బోగీ నంబరు రాసిన చోటే నిలబడండి. దిగేటప్పుడు కూడా ముందే తలుపు దగ్గరకు వెళ్లాలి. చెప్పిన సమయానికి వచ్చిన రైలు మీది కాకపోవచ్చన్న అనుమానం వద్దు. సమయమే గుర్తు. పక్క రైలు మూడు నిమిషాల తేడాతో ఉండొచ్చు కాబట్టి రైలు పేరు, నంబరు కూడా సరిచూసుకోండి.

టొకైడో రైళ్లలో తినుబండారాల ట్రాలీ అమ్మకాలు 2023 అక్టోబరుతో ఆగిపోయాయి. తిండి స్టేషన్‌లోనే కొనుక్కోవాలి. రైల్లో తినొచ్చు, ఎవరూ ఏమనరు. శాకాహారులు ఒకటి గమనించాలి. పైకి కూరగాయల్లా కనిపించే వంటకాల్లో కూడా చేపతో చేసిన రసం కలుస్తుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోరో, చపాతీలో దగ్గరుంటే ఆ పూటకు చింత ఉండదు.

రైలు తప్పిపోతే?

మామూలు రిజర్వ్‌డ్‌ టికెట్‌ ఉండి రైలు తప్పితే డబ్బు మొత్తం పోదు. అదే రోజు తర్వాతి రైళ్లలో అన్‌రిజర్వ్‌డ్‌ బోగీలో వెళ్లొచ్చు. ఆలస్యమవుతుందని ముందే తెలిస్తే ఇంకా మంచిది. స్మార్ట్‌ఈఎక్స్‌లో రైలు బయల్దేరే లోపు, మీరు గేటు దాటకముందు, ఎన్నిసార్లయినా ఉచితంగా మరో రైలుకు మార్చుకోవచ్చు. ధరలో తేడా ఉంటే అది మాత్రమే కట్టాలి. విమానాశ్రయంలో ఇమిగ్రేషన్‌ క్యూ పెద్దగా ఉంటే అక్కడ నిలబడే మార్చేసుకోండి.

రద్దు చేసుకుంటే కొంత రుసుము పోతుంది. స్టేషన్‌లో కొన్న రిజర్వ్‌డ్‌ టికెట్‌ను ముందు రోజు లేదా అదే రోజు రద్దు చేస్తే హైస్పీడ్‌ ఛార్జీలో 30 శాతం కోత పడుతుంది. రైలు రెండు గంటలు లేదా అంతకు మించి ఆలస్యంగా చేరితే హైస్పీడ్‌ ఛార్జీ తిరిగిస్తారు. తుపాను వల్ల రైలే రద్దయితే కోత లేకుండా మొత్తం వస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో తుపాన్లు ఎక్కువ. ఆ నెలల్లో వెళ్లేవారు తిరుగు విమానం ఉన్న రోజునే దూరపు రైలు ప్రయాణం పెట్టుకోకపోతే మంచిది. అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 6 వరకు షింకన్‌సెన్‌ నడవదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

బయల్దేరే ముందు ఒక్కసారి..

- వెళ్లాల్సిన ఊళ్లు రాసుకుని, విడి టికెట్ల మొత్తం లెక్క వేశాకే పాస్‌ సంగతి ఆలోచించండి.
- ప్రయాణ తేదీలు గోల్డెన్‌ వీక్‌, ఒబోన్‌, కొత్త సంవత్సరం సెలవుల్లో పడుతున్నాయేమో చూడండి.
- కార్డులో విదేశీ లావాదేవీలు ఆన్‌ చేయండి. పిన్‌ గుర్తుంచుకోండి. మన సిమ్‌పై రోమింగ్‌ ఉంచండి.
- సూట్‌కేసును టేపుతో కొలవండి. మూడు కొలతలు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే లగేజీ సీటు తీసుకోండి.
- స్టేషన్‌ పేరు ముందు ‘షిన్‌’ ఉందో లేదో సరిచూడండి.
- విమానం దిగిన రోజు రైలుకు రాయితీ టికెట్‌ కాకుండా, మార్చుకోగలిగే టికెట్‌ కొనండి.

ఛార్జీలు, పాస్‌ ధరలు మారుతుంటాయి. డబ్బు కట్టే రోజున అధికారిక సైట్‌లో ధర మరోసారి చూసుకోండి.